స్కానర్ చూపిన కోడ్‌కీ, చెడిపోయిన పార్టుకీ మధ్య దూరం

పాత కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే తరచుగా జరిగే కథ ఇది. కారు కంప్యూటర్ రాసిపెట్టిన కోడ్‌లు చదివే స్కానర్ తగిలిస్తారు. పి0135 అని వస్తుంది. ఫోన్‌లో వెతికితే ‘ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్’ అని కనిపిస్తుంది. కొత్త ఆక్సిజన్ సెన్సర్ కొని బిగించి, కోడ్ చెరిపేస్తారు. రెండు రోజులు లైటు కనిపించదు. మూడో రోజు మళ్లీ అదే లైటు, అదే కోడ్. తిట్లన్నీ సెన్సర్ తయారుచేసినవాళ్లకి పోతాయి. తీరా చూస్తే ఆ హీటర్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజు ఎప్పుడో కాలిపోయి ఉంటుంది.

కోడ్ అబద్ధం చెప్పలేదు. హీటర్ ‘సర్క్యూట్’లో తేడా ఉందని చెప్పింది. సర్క్యూట్ అంటే ఫ్యూజు, రిలే, వైరు, కనెక్టర్, సెన్సర్ లోపలి హీటర్, దాన్ని ఆన్ చేసే ఇంజిన్ కంప్యూటర్ భాగం, అన్నీను. చదివినవాళ్ల చూపు ‘సెన్సర్’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పాత కార్ల మీద అనవసరంగా అయ్యే ఖర్చులో పెద్ద వాటా ఈ తొందరపాటుదే.

ఇంజిన్ కంప్యూటర్‌కి పార్టులు కనిపించవు. దానికి అందేది కొన్ని వైర్ల మీద వచ్చే వోల్టేజీ మాత్రమే. ఆ వోల్టేజీ ఉండాల్సిన హద్దుల్లో ఉందా, మారాల్సినప్పుడు మారుతోందా, ఒక సెన్సర్ చెప్పేది ఇంకో సెన్సర్ చెప్పేదానితో పొసుగుతోందా అని అది పరీక్షలు పెట్టుకుంటుంది. ఏ పరీక్ష తప్పితే ఆ పరీక్ష నంబరును రాసిపెడుతుంది. ఆ నంబరే కోడ్. పరీక్ష ఎందుకు తప్పిందో దానికి తెలియదు, తెలిసే వీలూ లేదు. కొత్త కారులో అయితే పార్టే పోయిందనుకోవడం చాలాసార్లు నిజమవుతుంది, ఎందుకంటే మిగతాదంతా ఇంకా గట్టిగానే ఉంటుంది. పదిహేను, ఇరవై ఏళ్ల కారులో లెక్క తిరగబడుతుంది. రబ్బరు గొట్టాలు ఎండి పగుళ్లిస్తాయి, కనెక్టర్ల పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది, ఎర్త్ వైర్ల బోల్టులు తుప్పుపడతాయి. సెన్సర్ మీద అనుమానపడేముందు దానికి వెళ్లే దారిని అనుమానించడం అక్కడ తెలివైన పని.

కోడ్ రూపం గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్‌బాక్స్ వ్యవహారం. బి బాడీ, సి చాసిస్, యు కంప్యూటర్ల మధ్య సంభాషణ. ఆ తర్వాతి అంకె సున్నా అయితే ఏ కంపెనీ కారులోనైనా ఒకే అర్థం. 1 అయితే అది ఆ కంపెనీ సొంత కోడ్, ఇంకో కంపెనీ జాబితాలో దాని అర్థం వెతికితే దారి తప్పుతారు. మూడో స్థానంలో 3 ఉంటే మంట అంటుకోవడానికి సంబంధించినది, 4 ఉంటే పొగ నియంత్రణకు సంబంధించినది, ఇలా సాగుతుంది. ‘బ్యాంక్ 1’ అంటే ఒకటో నంబరు సిలిండర్ ఉన్న వైపు. ‘సెన్సర్ 1’ అంటే పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందున్నది, ‘సెన్సర్ 2’ అంటే తర్వాతది. వీ ఆకారపు ఇంజిన్లలో ఒకటో సిలిండర్ ఏ వైపో తెలుసుకోకుండా సెన్సర్ విప్పి, మంచిదాన్ని పారేసి, చెడ్డదాన్ని అలాగే ఉంచేసే ఘనకార్యాలు తక్కువేమీ జరగవు.

కారు ఎంత పాతదన్నది కూడా ముఖ్యమే. పదహారు పిన్నుల సాకెట్‌తో వచ్చే ఓబీడీ2 అనే ఉమ్మడి కోడ్‌ల పద్ధతి అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001లో, డీజిల్ కార్లకు మరికొన్నేళ్ల తర్వాత వచ్చింది. అంతకుముందు కార్లలో చాలావాటికి స్కానర్ అక్కర్లేకుండా లైటే మిణుకుమంటూ కోడ్ చెప్పేది. జనరల్ మోటార్స్ పాత కార్లలో సాకెట్‌లోని ఏ, బీ టెర్మినళ్లను ఒక వైరు ముక్కతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే, ముందు 12 అనే కోడ్ వస్తుంది: ఒక మిణుకు, కాస్త విరామం, రెండు మిణుకులు. దాన్ని చూసి హడలిపోయినవాళ్లున్నారు. నిజానికి ఇంజిన్ తిరగడం లేదనీ, వ్యవస్థ మాట్లాడగలుగుతోందనీ మాత్రమే దాని అర్థం. టొయోటా పాత కార్లలో టీఈ1, ఈ1 టెర్మినళ్లను కలపాలి. ఏ కారులో ఏ రెండు పిన్నులో సర్వీసు మాన్యువల్ చూసి నిర్ధారించుకోకుండా వైరు పెట్టకూడదు. తప్పు పిన్నులు కలిపితే కంప్యూటరే పోవచ్చు. ఆ తరం కోడ్‌లు చాలా మొరటువి. సెన్సర్ వైరు తెగితే చెబుతాయి. సిలిండర్ మిస్సింగ్ కొడుతుంటే (అందులో మంట సరిగా అంటుకోకపోతే) మాత్రం చాలా కార్లలో లైటు వెలగనే వెలగదు.

స్కానర్ బయటికి తీసేముందు

మొదటి పరీక్షకి ఏ పనిముట్టూ అక్కర్లేదు. తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకముందు, చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. తాళం ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోతే అది శుభవార్త కాదు. బల్బు పోయి ఉండాలి, లేదా కారు అమ్మినవాళ్లెవరో బల్బు పీకేసి ఉండాలి. ఆయిల్ లైటు వైరుకి దీన్ని కలిపేసి, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరేలా చేసిన మహానుభావులు కూడా ఉన్నారు. రెండు లైట్లూ సరిగ్గా ఒకే క్షణంలో ఆరుతున్నాయంటే అనుమానించాలి.

లైటు నిలకడగా వెలగడం వేరు, కొట్టుకోవడం వేరు. ఓబీడీ2 కారులో లైటు మిణుకుమిణుకుమంటోందంటే, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేసే స్థాయిలో మిస్సింగ్ ఉందని. అప్పుడు యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా పక్కకు ఆపడమే పని. ఇంటికి చేరాక చూద్దాంలే అనుకుంటే నాలుగు ప్లగ్గులతో తీరే ఖర్చు కన్వర్టర్ దాకా పెరుగుతుంది.

స్కానర్ పెట్టాక అందరి వేలూ ‘ఎరేజ్’ బటన్ మీదకే వెళ్తుంది. అదొక్కటీ అప్పుడే నొక్కకూడదు. కోడ్‌తో పాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అనే ఒక చిన్న రికార్డు ఉంటుంది: తప్పు నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, కూలెంట్ వేడి, కారు స్పీడు, ఇంజిన్ మీది బరువు, ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ పాళ్లలో కంప్యూటర్ చేసుకున్న సవరణ) ఎంతెంతో అందులో ఉంటాయి. కోడ్ కంటే ఇది చాలాసార్లు ఎక్కువ చెబుతుంది. కూలెంట్ 20 డిగ్రీలు, వేగం సున్నా అని ఉంటే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చిన తప్పు. కూలెంట్ 90, ఇంజిన్ 3,500 ఆర్‌పీఎం, బరువు 85 శాతం అని ఉంటే ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చింది. ఈ రెండూ ఒకే కోడ్ ఇవ్వొచ్చు, రోగాలు మాత్రం వేరు. కోడ్ చెరిపితే ఈ రికార్డూ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ విప్పినా చాలా పాత కార్లలో అంతే.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఆ పని ముందే చేసేయాలి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య. తర్వాత ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు వెలిగి ఉండగా, మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్ దిమ్మ మీద, రెండో కొనను ఇంజిన్ బ్లాకు లోహం మీద పెట్టాలి. అక్కడ 0.1, మహా అయితే 0.2 వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఎర్త్ వైరు సరిగా లేదు. అలా పోయిన కాస్త వోల్టేజీయే సెన్సర్ల లెక్కలన్నీ తప్పిస్తుంది.

ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు కోడ్‌లు ఒక్కసారే వచ్చాయంటే ఐదారు పార్టులు ఒకే రోజు చచ్చిపోయాయని కాదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది వెతకాలి: ఒకే ఫ్యూజు, ఒకే ఎర్త్, లేదా ఒకే 5 వోల్టుల సరఫరా. కంప్యూటర్ చాలా సెన్సర్లకు ఒకే 5 వోల్టుల లైను ఇస్తుంది. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే మొత్తం లైను కుంగిపోయి, అమాయకంగా ఉన్న సెన్సర్ల పేర్లు కూడా కోడ్‌లలోకి ఎక్కుతాయి. ఆ లైను మీద మీటరు పెట్టి, సెన్సర్లను ఒక్కొక్కటిగా పీకుతూ పోతే, దేన్ని పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే.

సాక్షిని శిక్షించే కోడ్: పి0171

పాత కార్లలో ఎక్కువ డబ్బు తినేసే కోడ్‌లలో ఇదొకటి. ‘బ్యాంక్ 1 మిశ్రమం పల్చన’ అని దీని భావం. వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ సెన్సర్ చేసిన నేరమల్లా పొగలో ఆక్సిజన్ ఎక్కువ ఉందని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే.

పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 1 వంతు పెట్రోల్‌కి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని లెక్కగట్టి, దానికి సరిపడా ఇంజెక్టర్లను తెరుస్తుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి లెక్క ఎంత తప్పిందో ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది: పాతరకం సెన్సర్ అయితే మిశ్రమం పల్చనైతే 0.1 వోల్టు వైపు, చిక్కనైతే 0.9 వైపు. దాన్ని బట్టి కంప్యూటర్ చేసుకునే సవరణే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, అలవాటుగా నేర్చుకున్నది లాంగ్ టర్మ్. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ పది శాతంలోపు ఉంటే పాత కారుకి ఫరవాలేదు. అది పెరుగుతూ చాలా కార్లలో 25 శాతం ప్రాంతానికి చేరితే ఇక సవరించలేనని చేతులెత్తేసి కోడ్ రాస్తుంది.

అసలు రహస్యం ఆ శాతం ఎప్పుడు పెరుగుతోందన్నదాంట్లో ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఒకసారి చూడాలి. ఐడ్లింగ్‌లో ప్లస్ 22 ఉండి, రేస్ చేస్తే ప్లస్ 5కి దిగిందనుకుందాం. అంటే సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఎక్కడో దొంగతనంగా దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి ఆ చిల్లు పెద్ద వాటా అవుతుంది. రేస్ చేసినప్పుడు వచ్చే గాలి ముందు అది లెక్కలోకి రాదు. ఎండిన వ్యాక్యూమ్ గొట్టాలు, బ్రేక్ బూస్టర్ గొట్టం, క్రాంక్‌కేస్ గాలిని వెనక్కి పంపే పీసీవీ గొట్టం, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ గాస్కెట్: చూడాల్సింది వీటిని. పీసీవీ గొట్టం పైకి బాగానే కనిపించి, మడత అడుగున చిరిగి ఉండటం మామూలే. చేత్తో తడిమితే గానీ దొరకదు. పొగ పంపి చిల్లు చూపించే స్మోక్ మెషీన్ ఉన్న మెకానిక్ దగ్గర ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి వెతికే పాత పద్ధతి పనిచేస్తుంది గానీ, దానికి నిప్పు అంటుకుంటుందన్న సంగతి మర్చిపోయినవాళ్లు ఇబ్బందిపడ్డారు.

దీనికి తిరగబడ్డ బొమ్మ: ఐడ్లింగ్‌లో మామూలుగా ఉండి, బరువు పెరిగేకొద్దీ ట్రిమ్ పైకి పోతోంది. అప్పుడు గొట్టాల జోలికి పోనక్కర్లేదు. పెట్రోల్ చాలినంత రావడం లేదు (ఫ్యూయల్ ఫిల్టర్, అలిసిపోయిన పంపు), లేదంటే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగకు మురికి పట్టి, వచ్చిన గాలిని తక్కువ చేసి చెబుతోంది. ప్రెషర్ గేజ్ పెడితే ఈ రెండూ విడిపోతాయి. మురికి పట్టిన సెన్సర్‌ని దానికోసమే అమ్మే క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు బాగుపడుతుంది. బ్రష్షు, గుడ్డ మాత్రం తగలకూడదు.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది చెప్పరు. పాత కార్లలో చాలావాటికి మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉండదు. మ్యానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి గాలిని లెక్కించే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి కారులో దొంగగాలి దూరితే మ్యానిఫోల్డ్ ఒత్తిడి పెరుగుతుంది, సెన్సర్ దాన్ని చూస్తుంది, పెట్రోల్ కూడా దానికి తగ్గట్టు పెరుగుతుంది. కాబట్టి పల్చన కోడ్‌కి బదులు ఐడ్లింగ్ ఎక్కువగా ఉండటమే లక్షణంగా కనబడొచ్చు. అందుకే ఏ కారు ఏ పద్ధతిలో గాలిని కొలుస్తుందో తెలియకుండా ఇంకొకరి అనుభవాన్ని తన కారుకి అతికించుకుంటే కుదరదు.

ఆక్సిజన్ సెన్సర్‌ని నిజంగానే మోసగించేవి రెండున్నాయి. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లో పగులుంటే బయటి గాలి లోపలికి దూరి, మిశ్రమం సరిగ్గా ఉన్నా పల్చనగా చూపిస్తుంది. రెండోది మిస్సింగ్. కాలని సిలిండర్‌లో వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కూడా పొగలోకే వస్తుంది. అందుకని పి0171, పి0302 కలిసి వస్తే మిస్సింగ్ సంగతి ముందు తేల్చాలి.

ఆ పి0302 రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అని చెబుతుంది, కారణం చెప్పదు. ప్రతి సిలిండర్‌కీ విడిగా కాయిల్ (ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం కరెంటిచ్చేది) ఉన్న ఇంజిన్ అయితే రెండో కాయిల్‌ని మూడోదానితో మార్చి నడిపి చూడాలి. కోడ్ పి0303గా మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్, ఆ తర్వాత ఇంజెక్టర్ ఇలాగే మార్చి చూడాలి. మూడూ మార్చినా రెండో సిలిండర్ దగ్గరే ఉంటే కంప్రెషన్ గేజ్ తీయాల్సిందే. పైసా ఖర్చులేని ఈ పద్ధతిని మించిన పరికరం ఇంతవరకు లేదు. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్లలో కాయిల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి అక్కడ క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు చూడాలి. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే లీకయ్యే వైర్ల మీద నిప్పురవ్వలు కంటికే కనిపిస్తాయి.

కూలెంట్ వేడి సెన్సర్‌ది మరీ తేలిక. స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తే ఎక్కడో వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. సెల్సియస్‌లో పెట్టినా, ఫారన్‌హీట్‌లో పెట్టినా అదే అంకె, ఎందుకంటే ఆ రెండు కొలతలూ కలిసేది అక్కడే. కనెక్టర్ పీకి, దాని రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలిపితే అంకె ఒక్కసారిగా బాగా పైకి ఎగబాకాలి. ఎగబాకిందంటే వైరింగూ, కంప్యూటరూ బాగున్నాయి, సెన్సర్ మార్చొచ్చు. ఎగబాకకపోతే కొత్త సెన్సర్ కొనడం దండగ. వేడి సరిగ్గానే చూపిస్తూ పి0128 (ఇంజిన్ చాలినంత వేడెక్కలేదన్న కోడ్) వస్తే తెరుచుకుని అలాగే ఉండిపోయిన థర్మోస్టాట్‌ని అనుమానించాలి, దానికంటే ముందు కూలెంట్ మట్టం చూసుకోవాలి.

పి0420 వస్తే గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే అది కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందంటుంది. కన్వర్టర్ మంచిగా ఉంటే ముందు సెన్సర్ వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతుంటే, వెనక సెన్సర్ 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉంటుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతోందంటే కన్వర్టర్‌లో పస అయిపోయింది. అయితే కొత్తది బిగించేముందు పైపుల్లో లీకు లేదని తేల్చుకోవాలి. పాతది ఎందుకు పోయిందో కూడా. ఇంజిన్ ఆయిల్ తాగుతోంటేనో, మిస్సింగ్‌తో నెలల తరబడి నడిపి ఉంటేనో కొత్త కన్వర్టర్‌కీ అదే గతి. వెనక సెన్సర్‌కి అడ్డుముక్క పెట్టి పొగదారి నుంచి వెనక్కి జరిపి, కంప్యూటర్‌ని ఏమార్చే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. లైటు ఆరుతుంది, పొగ మాత్రం అలాగే ఉంటుంది.

లైటు ఆరిన తర్వాత

పాత కారులో చవకరకం స్కానర్‌తో అంకెలు చూసేటప్పుడు ఒకేసారి ఇరవై ఎంచుకుంటే అన్నీ నత్తనడక నడుస్తాయి. ఆ కార్ల డేటా లైనే నెమ్మది. రెండు మూడు మాత్రమే ఎంచుకుని, అవి చూస్తూ వైరింగ్ కట్టను చేత్తో అక్కడక్కడా కదిపి చూడాలి. వచ్చీపోయే తప్పులు చాలా వరకు అలాగే పట్టుబడతాయి.

మరమ్మతు చేశాక కోడ్ చెరపడం వల్ల పని నిజంగా అయ్యిందో లేదో తెలియదు. చాలా పరీక్షలు వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పితే గానీ లైటు వెలిగించవు. మొదటిసారి తప్పినప్పుడు ‘పెండింగ్’ కోడ్‌గా మాత్రం పెట్టుకుంటాయి. రెండు రోజులు లైటు కనిపించకపోవడానికి కారణం అదే. కోడ్ చెరిపితే కంప్యూటర్ తన పరీక్షలన్నీ ‘పూర్తి కాలేదు’ అని మొదటికి తెచ్చుకుంటుంది. చల్లటి స్టార్ట్, ఊళ్లో నడక, కాసేపు నిలకడైన వేగం, ఇవన్నీ కలిసిన ప్రయాణాలు కొన్ని అయ్యాక స్కానర్‌లో ‘రెడీనెస్’ వరుస చూడాలి. సంబంధిత పరీక్ష పూర్తయి, పెండింగ్ కోడ్ కూడా లేకపోతే అప్పుడు నమ్మొచ్చు. అసలు చెరపకుండా వదిలేసినా, తప్పు సరిచేస్తే వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నెగ్గాక లైటు దానంతట అదే ఆరుతుంది.

ఇక మొదట చెప్పుకున్న పి0135 కారు. ఫ్యూజు మార్చారు, హీటర్ పనిచేసింది, కోడ్ పోయింది. వారం తర్వాత లైటు మళ్లీ వెలిగింది, ఈసారి పి0420. కారు యజమాని మెకానిక్‌తో గొడవకి దిగుతాడు: ‘నువ్వు ముట్టుకున్నాకే కన్వర్టర్ పోయింది’ అని. కానీ ఆక్సిజన్ సెన్సర్ కోడ్ ఉన్నంతకాలం కంప్యూటర్ కన్వర్టర్ పరీక్షను పక్కన పెట్టేస్తుంది, నమ్మలేని సెన్సర్‌తో ఆ పరీక్ష ఎలా చేస్తుంది? కన్వర్టర్ ఏడాది కిందటే పోయి ఉండొచ్చు. ఫ్యూజు మార్చాక పరీక్ష మళ్లీ నడిచింది, ఆ సంగతి బయటపడింది.